మైనస్ 32లో సూర్యుడికి గుడి కట్టింది: ఎడ్మంటన్ ఫొటో కబుర్లు

గోదారిగట్టు, ఎడ్మంటన్
శనివారం ఉదయం 11:10

పొద్దున ఇంట్లో పాలు అయిపోయాయి. తొమ్మిదిన్నరకి జాకెట్ మీద జాకెట్ వేసుకుని బయల్దేరాను. ఫోన్ మైనస్ 32 చూపిస్తోంది. అదృష్టం కొద్దీ గాలి లేదు. మా వీధి చివర బస్ స్టాప్ దాటి తల ఎత్తితే ఇళ్ల కప్పుల మీద మూడు సూర్యుళ్లు! మధ్యలో అసలు సూర్యుడు, అటూ ఇటూ సరిగ్గా అదే ఎత్తులో ఒక్కో వెలుగు ముద్ద, సూర్యుడి చుట్టూ, ఆ రెండు ముద్దలనీ కలుపుతూ పలచని వలయం. గాల్లో సన్నటి మంచు రవ్వలు తళుక్కుమంటూ కిందికి దిగుతున్నాయి. దీన్ని ఇక్కడ డైమండ్ డస్ట్ అంటారు. జాకెట్ లోపలి నుంచి కెమెరా తీసి పదకొండు ఫొటోలు తీశాను. పన్నెండోదానికి బ్యాటరీ చచ్చిపోయింది.

అమ్మ రాజమండ్రిలో ఉంది. వాట్సాప్‌లో పంపగానే ఫోన్ చేసింది. సూర్యచంద్రుల చుట్టూ కట్టే ఇలాంటి వెలుగు వలయాన్ని మా ఇంట్లో వరదగుడి అంటాం. "వరదగుడి రా అది! సూర్యుడికి కూడా కడుతుందా? గుడి దగ్గరగా ఉందా, దూరంగా ఉందా?" అంది. దగ్గర గుడి దూరం వాన, దూరపు గుడి దగ్గర వాన అని మా ఇంట్లో అందరికీ తెలిసిన మాటే. చిన్నప్పుడు మేడ మీద పడుకుని చంద్రుడి చుట్టూ గుడి చూసి, రేపు వాన పడుతుందా లేదా అని పందేలు కట్టుకునేవాళ్లం.

మధ్యాహ్నమంతా దీని గురించే చదవాలని ఉంది. దాంతోపాటు ఒక మాట చెప్పాలనిపించింది. కెనడాలోని మన తెలుగువాళ్లలో చాలామంది నవంబరులో కెమెరా బీరువాలో పెడితే మళ్లీ తీసేది జులైలో బాన్ఫ్ కొండలకి వెళ్లేటప్పుడే. అక్కడ అందరం ఒకే చోట నిలబడి ఒకే ఫొటో తీస్తాం. అక్కడి మొరెయిన్ లేక్‌కి 2023 నుంచి సొంత కార్లను వెళ్లనివ్వడం లేదు, షటిల్ టికెట్ దొరకడమే గగనం. ఇక్కడ చూస్తే, డిసెంబరు చివర్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 13 డిగ్రీల ఎత్తుకి మించి లేవడు. అదే రోజున రాజమండ్రిలో దాదాపు 50 డిగ్రీలు లేస్తాడు. అంటే మనూళ్లో సాయంత్రం కాసేపు మాత్రమే ఉండే ఏటవాలు వెలుగు మనకి ఇక్కడ పగలంతా ఉంటుంది. పక్కింటివాళ్ల చెత్తబుట్ట నీడ కూడా నీలంగా, పొడుగ్గా, అందంగా పడుతుంది. రోజుకి పది నిమిషాలు బయటికి రండి. ఏం తీశారో ఇక్కడ చెప్పండి.


కందిపొడి, మిసిసాగా
శనివారం మధ్యాహ్నం 1:32

అన్నయ్యగారూ, మీ పోస్ట్ చదివి ఆనందం, బాధ రెండూ కలిగాయి. నేను పోయినవారం మీరు చెప్పినట్టే చేశాను. ఆంటారియో సరస్సు ఒడ్డున అలలు ఎగిరిపడి చెట్ల కొమ్మలకి గాజు గొట్టాల్లా గడ్డకట్టాయి. గంటసేపు తీశాను. చేతులు కొంకర్లు పోతుంటే పరుగున ఇంటికొచ్చి, కెమెరా సోఫా మీద పెట్టి టీ పెట్టుకున్నాను. తిరిగొచ్చి చూస్తే కెమెరా మొత్తం చెమట పట్టినట్టు నీళ్లు. లెన్సు తుడిచాను, పోలేదు. తేమ లోపలి అద్దం మీద ఉంది. కంగారులో లెన్సు ఊడదీశాను. అప్పుడు లోపల వెలుగుని పట్టే సెన్సర్ కూడా మసకబారింది. ఇక్కడ ఒక రిపేర్ షాపులో ఇస్తే పది రోజులు ఉంచుకుని, శుభ్రం చేశామని డబ్బు తీసుకుని ఇచ్చారు. ఇప్పుడు ప్రతి ఫొటోలో ఆకాశం మీద రెండు మచ్చలు. ఆ లెన్సు మా ఆయన మొదటి జీతంతో కొనిచ్చింది. అసలు నేను చేసిన తప్పేంటో ఎవరైనా చెబితే మళ్లీ చేయకుండా ఉంటాను.


స్టూడియో తాతయ్య, కాల్గరీ
శనివారం మధ్యాహ్నం 3:05

అమ్మా, బాధపడకు. తెనాలిలో 34 ఏళ్లు స్టూడియో నడిపాను. ఇదే తప్పు నేను అక్కడ తిరగేసి చేశాను.

మే నెలలో పెళ్లికి ఏసీ కారులో వెళ్లి, దిగగానే కెమెరా తీస్తే లెన్సు మొత్తం పొగ కమ్మేసేది. చల్లటి గాజుకి బయటి తేమగాలి తగిలి మంచు పట్టేది. పందిట్లో జీలకర్ర బెల్లం పెడుతున్నారు, నాకు లెన్సులో ఏమీ కనపడటం లేదు. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు. అప్పటినుంచి ముహూర్తానికి అరగంట ముందే కెమెరా పెట్టె మూత తీసి పందిట్లో పెట్టేవాణ్ణి. ఇక్కడ చలి బయట, తేమ ఇంట్లో. మన ఇళ్లలో పొద్దస్తమానం అన్నం, పప్పు ఉడుకుతూనే ఉంటాయి కాబట్టి తేమ ఇంకాస్త ఎక్కువ. సూత్రం మాత్రం అదే. చల్లటి వస్తువు తేమగాలిలోకి వస్తే నీరు పడుతుంది.

ఈసారి ఇలా చెయ్యి. తలుపు తీసే ముందే, బయట నిలబడి ఉన్నప్పుడే, కెమెరాని పెద్ద జిప్‌లాక్ కవర్లో పెట్టి గాలి నొక్కేసి మూతి బిగించు. కవర్లో ఉన్నది బయటి పొడిగాలే. ఇంట్లోకి తెచ్చాక నీరు కవరు పైన పడుతుంది, లోపల కెమెరా పొడిగా ఉంటుంది. రెండు మూడు గంటలు ముట్టుకోకు. ఫొటోలు చూడాలని చేయి లాగుతుంది, అందుకే మెమరీ కార్డు బయటే తీసి జేబులో వేసుకో. లెన్సు మాత్రం చచ్చినా ఊడదీయకు. ఇక ఆ రెండు మచ్చలు సెన్సర్ మీది మరకలే అయితే తడితో శుభ్రం చేసేవాళ్లు తీయగలరు. తెల్లగోడని చిన్న అపర్చర్‌తో, అంటే లెన్సులో వెలుగు వచ్చే కన్నం చిన్నది చేసి, ఒక ఫొటో తీసి చూడు. లెన్సు మార్చినా మచ్చ అక్కడే ఉంటే సెన్సర్ మీదున్నట్టే. లెన్సు పాడవలేదన్నమాట.


కందిపొడి, మిసిసాగా
శనివారం సాయంత్రం 4:20

తాతయ్యగారూ, వేరే లెన్సుతో తీశాను. మచ్చలు అక్కడే ఉన్నాయి! అంటే లెన్సు బాగానే ఉంది. ఎంత తేలికపడ్డానో చెప్పలేను.


చలిమంట, ఫోర్ట్ మెక్‌ముర్రే
శనివారం సాయంత్రం 5:48

అందరికీ నమస్తే. గోదారిగట్టు అన్నా, ఒక విషయంలో మీతో ఏకీభవించలేను. నేను ఇక్కడ ఆయిల్‌శాండ్స్‌లో, అంటే ఇసుక నుంచి చమురు తీసే చోట, 12 గంటల షిఫ్టులు చేస్తాను. చీకట్లో బస్సెక్కుతాను, చీకట్లో దిగుతాను. "రోజుకి పది నిమిషాలు బయటికి రండి" అని మీరు అన్నంత తేలిక కాదు అందరికీ. ఇంకో మాట, కొత్తగా వచ్చిన పిల్లలు ఇది చదివి గ్లవ్స్ లేకుండా వెళ్లిపోతారు. గాలితో కలిసి చలి మైనస్ 28 దాటితే 10 నుంచి 30 నిమిషాల్లో కప్పుకోని ఒంటికి ఫ్రాస్ట్‌బైట్ రావచ్చు, అంటే చర్మం గడ్డకడుతుంది. మైనస్ 40 దాటితే 5 నుంచి 10 నిమిషాలు చాలు. ముందు చర్మం తెల్లబడి మొద్దుబారుతుంది. నొప్పి తెలియకపోవడమే ప్రమాదం.

నా సొంత అనుభవం చెబుతాను. మొదటి చలికాలంలో అల్యూమినియం ట్రైపాడ్‌ని వట్టి చేత్తో పట్టుకున్నాను. అరచేయి అతుక్కుపోయింది. లాగితే తోలు ఊడింది. వారం రోజులు అన్నం ఎడమ చేత్తో తిన్నాను. ట్రైపాడ్ కాళ్లకి పైపులకి చుట్టే ఫోమ్ చుట్టండి. దయచేసి ఫొటో కోసం వేళ్లు పోగొట్టుకోకండి.


గోదారిగట్టు, ఎడ్మంటన్
శనివారం రాత్రి 8:15

చలిమంట తమ్ముడూ, నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఆ సంగతి నేను ముందే రాయాల్సింది. నేను లోపల పలచటి ఊలు గ్లవ్స్, పైన వేళ్లు లేని సంచిలాంటి మిట్టెన్స్ వేసుకుంటాను. షటర్ నొక్కేటప్పుడు పైవి మాత్రం తీస్తాను, అవి మణికట్టుకి తాడుతో వేలాడుతూ ఉంటాయి. పది నిమిషాలు అన్నది కూడా అందుకే. గంట వద్దు. షిఫ్టుల సంగతి నిజంగా నా ఆలోచనకి రాలేదు. బస్సు కిటికీలోంచి తీసినా సరే, మాకు చూపించు.

ఇంతలో అమ్మ అడిగినదానికి జవాబు దొరికింది. చూడండి ఎంత బాగుందో.

చుట్టూ పెద్దగా కట్టే గుడి మామూలుగా సూర్యుడి నుంచి 22 డిగ్రీల దూరంలో ఉంటుంది. చేయి బారచాపి, అరచేయి విప్పి, బొటనవేలితో సూర్యుణ్ణి కప్పితే చిటికెనవేలి కొస దాదాపు ఆ వలయానికి తగులుతుంది. నేను పొద్దున చేసి చూశాను. ఆరు మూలల మంచు పలుకుల్లోంచి వెలుగు వంగి రావడం వల్ల అది ఏర్పడుతుంది. ఆ పలుకులు పళ్లేల్లా అడ్డంగా తేలుతూ దిగితే రెండు పక్కలా వెలుగు ముద్దలు వస్తాయి, వాటినే సన్‌డాగ్స్ అంటారు. సూర్యుడి వైపున్న అంచు ఎర్రగా ఉంటుంది. నా ఫొటో పెద్దది చేసి చూస్తే ఎరుపు స్పష్టంగా కనిపించింది.

చంద్రుడికి బాగా దగ్గరగా కట్టే చిన్న గుడి వేరే సంగతి. అది నీటి బిందువులున్న పలచని మబ్బు వల్ల వస్తుంది. పెద్ద గుడి మంచు పలుకులున్న ఎత్తైన పలచని మబ్బు వల్ల. ఆ ఎత్తు మబ్బు తెర చాలాసార్లు వాన తెచ్చే మబ్బులకి ముందు నడిచి వస్తుంది. అంటే దూరపు గుడి దగ్గర వాన అన్న మాట వెనక ఇంత ఉంది! మా అమ్మమ్మకి ఐస్ క్రిస్టల్స్ గురించి ఎవరూ చెప్పలేదు. ఆకాశం చూసి చూసి పట్టుకుంది.

అయితే ఎడ్మంటన్‌లో ఇవాళ్టి గుడికి ఈ మాట చెల్లదు. ఇక్కడ మంచు పలుకులు నేల దగ్గరే, మన ముక్కు ముందే తేలుతున్నాయి. మబ్బే లేదు. కాబట్టి ఇది వానకీ, మంచు కురవడానికీ గుర్తు కాదు, గట్టి చలికి గుర్తు. అమ్మకి ఇది చెబితే, "అయితే అక్కడి గుడికి అక్కడి సామెత కావాలి" అంది.


కొత్తబిచ్చుక, సస్కటూన్
ఆదివారం ఉదయం 9:02

నమస్తే అన్నా, అక్కా, తాతయ్యా. నేను సెప్టెంబరులో చదువుకోవడానికి వచ్చాను, మాది ఖమ్మం. నా దగ్గర కెమెరా లేదు, మూడేళ్ల పాత ఐఫోన్ ఉంది. బస్ స్టాప్‌లో ఫొటో తీద్దామని తీస్తే 43 శాతం ఛార్జింగ్ ఉండగా ఆగిపోయింది. నా బస్ పాస్ కూడా అందులోనే ఉంది, భయమేసింది. ఇంటికొచ్చాక మళ్లీ దానంతటదే 38 శాతం చూపించింది. ఫోన్ పాడయిందా? పార్ట్‌టైమ్ డబ్బులు దాచి సెకండ్‌హ్యాండ్ కెమెరా కొనాలా?


లెన్సుమూత, వాంకూవర్
ఆదివారం ఉదయం 11:26

తమ్ముడూ, ఫోన్ పాడవలేదు. బ్యాటరీలే నా ఉద్యోగం కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

లిథియం బ్యాటరీలో లోపలి ద్రవంలోంచి అయాన్లు, అంటే ఛార్జ్ మోసే కణాలు, అటూ ఇటూ నడవాలి. చలికి ఆ నడక మందగిస్తుంది, లోపలి నిరోధం పెరుగుతుంది. కెమెరా తెరవగానే ఫోన్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. అప్పుడు వోల్టేజీ ధడాలున పడిపోతుంది. పడిపోయిన వోల్టేజీ చూసి ఫోన్ తనని తాను ఆపేసుకుంటుంది. ఛార్జింగ్ ఎక్కడికీ పోలేదు, బయటికి రాలేకపోయింది అంతే. వెచ్చబడగానే మళ్లీ వస్తుంది. ఐఫోన్‌ని 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని ఆపిలే చెబుతుంది. నువ్వు నిలబడ్డ బస్ స్టాప్ దానికి 30 డిగ్రీలు కింద ఉంది.

ఒక్క విషయంలో మాత్రం ఖచ్చితంగా ఉండు. గడ్డకట్టిన ఫోన్‌ని వెంటనే ఛార్జింగ్‌కి పెట్టకు. సున్నా కంటే తక్కువలో ఛార్జ్ చేస్తే లిథియం లోహంలా పేరుకుపోతుంది, ఆ నష్టం తిరిగి రాదు. ఇంటికొచ్చి అరగంట ఆగి పెట్టు. బయట ఉన్నంతసేపూ ఫోన్‌ని లోపలి జేబులో, ఒంటికి ఆనేలా ఉంచు. బస్ పాస్ విడిగా కార్డు తీసుకోవడం మంచిది.

కెమెరా ఇప్పుడే కొనకు. ఆ డబ్బుతో మంచి బూట్లు కొనుక్కో. ఫోన్‌తోనే నేర్చుకోవాల్సింది చాలా ఉంది. ఉదాహరణకి మంచు. కెమెరా ఏది చూసినా మధ్యరకం బూడిద రంగే అనుకుని వెలుగు సర్దుతుంది, అందుకే తెల్లటి మంచు మురికి పంచెలా వస్తుంది. తెర మీద మంచుని వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కొంచెం పైకి జరుపు. మంచు మంచులా వస్తుంది. సన్‌డాగ్ తీయాలంటే సూర్యుణ్ణి నేరుగా చూడకు, దీపస్తంభం వెనక దాచి తియ్యి.


కొత్తబిచ్చుక, సస్కటూన్
ఆదివారం మధ్యాహ్నం 12:40

చాలా థాంక్స్ అన్నా! ఇంకో డౌట్. ఇక్కడ రాత్రి ఆకాశంలో కనిపించే వెలుగులు, అదే నార్తర్న్ లైట్స్, ఫోన్‌లో పచ్చగా, ఎర్రగా వస్తాయి కానీ కంటికి అంత కనపడవు అని మా రూమ్మేట్ అంటాడు. అంటే ఫోన్ రంగులు కల్పిస్తోందా? అది మోసం కాదా?


స్టూడియో తాతయ్య, కాల్గరీ
ఆదివారం మధ్యాహ్నం 2:18

నాయనా, ఈ ప్రశ్న నన్ను యాభై ఏళ్లు వెనక్కి తీసుకెళ్లింది. నేను పని నేర్చుకున్న రోజుల్లో నలుపు తెలుపు ఫొటోల మీద చేత్తో రంగులు వేసేవాళ్లం. పెళ్లికూతురి చీర ఆకుపచ్చదైనా వాళ్లమ్మ ఎరుపు వేయమంటే ఎరుపు వేశాను. అది కల్పించడం. ఆకాశం సంగతి అలా కాదు.

చీకట్లో మన కంటిలో పనిచేసే భాగానికి రంగు తెలియదు. వెలుగు పలచగా ఉంటే బూడిద రంగు మబ్బులానే కనపడుతుంది. కెమెరా ఐదు సెకన్లో, పది సెకన్లో కన్ను మూయకుండా చూసి ఆ వెలుగంతా పోగుచేస్తుంది. పచ్చదనం అక్కడ ఉన్నదే. ఆక్సిజన్ ఇచ్చే వెలుగు అది. ఇంకా పైన, రెండు మూడు వందల కిలోమీటర్ల ఎత్తులో అదే ఆక్సిజన్ ఎరుపునిస్తుంది. 2024 మే 10 శుక్రవారం రాత్రి మా అమ్మాయి నన్ను లేపి పెరట్లోకి తీసుకెళ్లింది. ఆ రోజు ఏ కెమెరా అక్కర్లేదు. నడినెత్తిన గులాబీ రంగు గొడుగు విప్పినట్టుంది. నా వయసుకి అంత పెద్ద వెలుగు చూస్తాననుకోలేదు. అదే రాత్రి లద్దాఖ్‌లోని హాన్లేలో కూడా ఆకాశం ఎరుపెక్కి కెమెరాలకి చిక్కింది.


లెన్సుమూత, వాంకూవర్
ఆదివారం మధ్యాహ్నం 3:01

తాతయ్యగారి మాటకి చిన్న హెచ్చరిక కలుపుతాను. పోగుచేయడం వరకు ఒప్పుకుంటాను. కానీ ఇప్పటి ఫోన్లు నైట్ మోడ్‌లో చాలా ఫొటోలు తీసి, కలిపి, మచ్చలు తుడిచి, రంగు పెంచి ఇస్తాయి. ఎంతవరకు పోగుచేసింది, ఎంతవరకు రంగు వేసింది అన్నది మనకి తెలియదు. అందుకే వీలైతే రా ఫైల్ (ఫోన్ మెరుగులు దిద్దకముందు సెన్సర్ పట్టింది) కూడా దాచుకోండి. పదేళ్ల తర్వాత మీ పిల్లలు అడిగితే అసలుది చూపించవచ్చు.


గోదారిగట్టు, ఎడ్మంటన్
ఆదివారం సాయంత్రం 6:30

దాచుకోవడం ఎంత అవసరమో చెప్పే కథ మా అల్బెర్టాలోనే ఉంది. ఇక్కడ అల్బెర్టా అరోరా ఛేజర్స్ అని ఒక ఫేస్‌బుక్ గుంపు ఉంది. అరోరా అంటే ఆ నార్తర్న్ లైట్సే. ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిపూట కెమెరాలు పట్టుకుని తిరిగే మామూలు మనుషులు. వాళ్ల ఫొటోల్లో ఎప్పటినుంచో ఆకాశం అడ్డంగా ఊదారంగు సన్నటి గీత వస్తోంది. అదేమిటో సరిగ్గా ఎవరికీ తెలియక దానికి సరదాగా స్టీవ్ అని పేరు పెట్టుకున్నారు. కాల్గరీ యూనివర్సిటీ శాస్త్రవేత్త ఎరిక్ డోనోవన్ ఆ ఫొటోలు చూసి, స్వార్మ్ ఉపగ్రహం దాని గుండా వెళ్లినప్పటి కొలతలు తీయించారు. దాదాపు 25 కిలోమీటర్ల వెడల్పున వేడి వాయువు ప్రవాహం! 2018లో పరిశోధన పత్రం వచ్చింది. శాస్త్రవేత్తలు స్టీవ్ అన్న పేరు మార్చలేదు, దానికి సరిపోయేలా పెద్ద ఇంగ్లీషు పేరు కుదుర్చుకున్నారు. ఆ పత్రం రాసినవాళ్లలో ఆ గుంపు మనిషి కూడా ఉన్నారు. చలిలో నిలబడి తీసిన ఫొటో ఎంత దూరం వెళ్లిందో చూడండి.

ఇంకొకటి చెప్పి ఆపుతాను. మన కెమెరాల్లోని సెన్సర్‌కి దారి వేసిన సీసీడీ అనే చిప్‌ని 1969లో జార్జ్ స్మిత్‌తో కలిసి కనిపెట్టిన విల్లర్డ్ బాయిల్ కెనడావాడే, నోవా స్కోషియాలో పుట్టాడు. క్యుబెక్ అడవుల్లోని చిన్న ఊళ్లో పెరిగాడు. పద్నాలుగేళ్ల దాకా వాళ్లమ్మే ఇంట్లో చదువు చెప్పింది. 2009లో నోబెల్ వచ్చింది.


లెన్సుమూత, వాంకూవర్
ఆదివారం సాయంత్రం 6:52

ఇప్పటి ఫోన్లలో ఉండేది సీసీడీ కాదు, సీమాస్ అనే ఇంకోరకం సెన్సర్. అయినా వెలుగుని విద్యుత్తుగా లెక్కపెట్టి ఫొటో చేయవచ్చని లోకానికి నమ్మకం కలిగించింది సీసీడీయే. బాయిల్‌కి చదువు చెప్పిన ఆ తల్లికి దండం.


చలిమంట, ఫోర్ట్ మెక్‌ముర్రే
సోమవారం ఉదయం 7:20

అన్నా, షిఫ్టు బస్సు కిటికీ లోపలి వైపు మా ఊపిరి గడ్డకట్టి ఫెర్న్ ఆకుల్లా పూలు పూసింది. వెనక నుంచి కారు లైటు పడినప్పుడు ఫోన్‌తో తీశాను. మొదటి ఏడాది నుంచీ రోజూ చూస్తున్నదే, తీయడం ఇదే మొదటిసారి. ఇంటికి పంపితే మా అమ్మ సంక్రాంతి ముగ్గు అనుకుంది.


కొత్తబిచ్చుక, సస్కటూన్
సోమవారం ఉదయం 10:44

అన్నా!!! దొరికింది! మైనస్ 29. యూనివర్సిటీకి వెళ్తుంటే రెండు పక్కలా రెండు! దీపస్తంభం వెనక సూర్యుణ్ణి దాచాను, మంచుని తాకి వెలుగు పెంచాను, ఫోన్ లోపలి జేబులోంచి తీసి నాలుగే నాలుగు ఫొటోలు తీసి మళ్లీ లోపల పెట్టాను. ఆగిపోలేదు. లోపలికి వెళ్లేముందు కవర్లో కూడా పెట్టాను. ఎడమవైపు దానికి ఎర్ర అంచు వచ్చింది, సూర్యుడి వైపే. చేయి చాపి కొలిచాను, చిటికెనవేలు సరిగ్గా తగిలింది. పక్కన బస్సు కోసం నిలబడ్డ పెద్దావిడ నేను చేయి చాపడం చూసి ఏంటని అడిగింది. చెప్పాను. ఆవిడా చాపింది. నలభై ఏళ్లుగా ఇక్కడే ఉన్నానని, ఎప్పుడూ కొలవలేదని చెప్పింది.


కందిపొడి, మిసిసాగా
సోమవారం మధ్యాహ్నం 1:15

బిచ్చుకా, ఆ ఫొటో ఫోన్‌లో వదిలేయకు నాన్నా. ఇంకోచోట కాపీ పెట్టు, ఒకటి ప్రింట్ తీసి మీ అమ్మకి పంపు. నేను రేపు సెన్సర్ శుభ్రం చేయించడానికి వెళ్తున్నాను, ఈసారి తాతయ్యగారు చెప్పిన తెల్లగోడ ఫొటో చేతిలో పట్టుకుని.


గోదారిగట్టు, ఎడ్మంటన్
సోమవారం రాత్రి 9:05

శనివారం రాత్రి ఆకాశం తేటగా ఉంటుందంటున్నారు. ఎల్క్ ఐలండ్ పార్కుకి వెళ్తున్నాను. ఊరికి తూర్పున దాదాపు 50 కిలోమీటర్లు, వీధి దీపాలు లేని చోటు. ఎడ్మంటన్‌లో ఉన్నవాళ్లు రావచ్చు, కారులో మూడు సీట్లు ఖాళీ. ఏడింటికి మా వీధి చివర బస్ స్టాప్ దగ్గర ఎక్కించుకుంటాను. అక్కడ బైసన్‌లు రోడ్డు మీదికే వస్తాయి, వాటికి కనీసం 100 మీటర్ల దూరంలో ఉండాలి. జిప్‌లాక్ కవర్లు, ఫ్లాస్కులో అల్లం టీ నేను తెస్తాను. గ్లవ్స్ రెండు జతలు మీరే తెచ్చుకోండి.